మూత్రం చెప్పే సాక్ష్యం

"యోగరత్నాకరం"లో తైలబిందు పరీక్ష అనే పద్ధతి ఒకటి ఉంది. తెల్లవారుజామున రోగి మూత్రాన్ని పాత్రలో పట్టి, గడ్డిపోచతో ఒక్క నూనె చుక్కను దాని మీద వదులుతారు. చుక్క విచ్చుకున్నదా, కదలక నిలిచిందా, అడుగుకు దిగిందా, ఏ దిక్కుకు జరిగింది అన్నవాటిని బట్టి వైద్యుడు వ్యాధి సాధ్యమో అసాధ్యమో నిర్ణయిస్తాడు. పాములా సాగితే వాతమనీ, ముత్యంలా నిలిస్తే కఫమనీ అంటారు. ఇందులో నేటి వైద్యానికి నిలిచేది ఎంత అన్న చర్చ ఇక్కడ నా ఉద్దేశం కాదు. నన్ను ఆకర్షించింది ఆ చుక్క. ద్రవం మీద చుక్క విచ్చుకోవడమూ విచ్చుకోకపోవడమూ తలతన్యతకు సంబంధించిన వ్యవహారం. సరిగ్గా అటువంటి చుక్క తలతన్యతనే కొలవబోయి, గత శతాబ్దంలో ప్రాగ్ నగరపు రసాయనశాస్త్రవేత్త ఒకరు ఒక కొత్త శాస్త్రశాఖకు ద్వారం తెరిచాడు. మనిషి ఒంట్లోకి చేరిన విషాన్ని అతని మూత్రంలో విద్యుత్తుతో పట్టుకునే నేటి సెన్సర్లన్నీ ఆ ద్వారం గుండా వచ్చినవే.

ఆ చరిత్రను నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ టపా. అయితే పరికరాల వంశవృక్షం గీయడం కంటే, ఆ పరికరాన్ని ఏ కాలంలో ఎవరి మూత్రం వైపు తిప్పారు, వచ్చిన అంకెను ఎవరు చదివారు అన్న ప్రశ్నే నాకు ముఖ్యమనిపిస్తుంది.

ముందుగా, మూత్రమే ఎందుకు? ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థాన్ని కాలేయం విరగ్గొడుతుంది. విరిగిన ముక్కకు ఒక చక్కెర ఆమ్లాన్నో, గంధకపు ముక్కనో తగిలించి నీటిలో కరిగేలా చేస్తుంది. మూత్రపిండాలు దాన్ని బయటికి తోస్తాయి. కనుక మనిషి ఏం పీల్చాడో, చర్మం మీద ఏం ఒలకబోసుకున్నాడో నోటితో చెప్పలేకపోయినా మూత్రం చెబుతుంది. ఇలా బయటపడే ముక్కలనే జీవసూచికలు అంటున్నాం. సూది గుచ్చనక్కరలేదు, చిన్నపిల్లల నుంచి కూడా సేకరించవచ్చు.

ఇక ప్రాగ్. యారొస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ 1890లో అక్కడే పుట్టాడు. లండన్‌లో చదువుకుంటూ, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం మొదలై, సైనిక ఆసుపత్రిలో మందులు కలిపే పనిలోనూ ఎక్స్‌రే పనిలోనూ చిక్కుకున్నాడు. 1918లో డాక్టరేటు పరీక్షకు కూర్చున్నప్పుడు భౌతికశాస్త్రాచార్యుడు బోహుమిల్ కుచేరా అతన్ని ఒక చిక్కు ప్రశ్న అడిగాడు. సన్నని గాజు కేశనాళిక కొన నుంచి పాదరసం చుక్క చుక్కగా రాలుతుండగా దానికి విద్యుత్ పీడనం ఇస్తే, చుక్క తలతన్యత సిద్ధాంతం చెప్పినట్లు మారక కొన్నిచోట్ల వింతగా ప్రవర్తిస్తుంది. ఎందువల్ల? కుచేరా పద్ధతి చుక్కలను పోగుచేసి తూచడం. హెయ్‌రోవ్‌స్కీ కొన్నేళ్ళపాటు ఓపికగా ఆ పనే చేశాడు. చివరికి చుక్కను తూచే బదులు చుక్క గుండా పారే విద్యుత్తును కొలిస్తే ఏమవుతుందని గాల్వనోమీటరు తగిలించాడు. 1922 ఫిబ్రవరి 10న సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో, రాలే ప్రతి చుక్కకూ లయగా ఊగుతున్న ముల్లును చూస్తూ అతడు రాసుకున్న అంకెలే పోలరోగ్రఫీకి పుట్టుక. ఆ సంవత్సరమే ఫలితాలను చెక్ భాషలో ప్రచురించాడు. మరుసటి ఏడు ఇంగ్లీషులో వెలువడింది. తన సొంత భాషలో ముందు రాసుకున్నాడన్న ఆ చిన్న వివరం తెలుగులో రాసుకునే మనకు ప్రీతికరమైనదే కదా!

చుక్క మహిమ ఏమిటంటే, పాత చుక్క రాలిపోగానే మచ్చలేని కొత్త ఉపరితలం పుడుతుంది. గట్టి లోహపు ఎలక్ట్రోడు మీద మురికి పేరుకుంటుంది, కొలత కొలతకూ దాని స్వభావం మారిపోతుంది. చుక్కకు గతజన్మ వాసనలు లేవు. పైగా పాదరసం మీద హైడ్రోజన్ అంత సులువుగా పుట్టదు కనుక, నీటిని విడగొట్టకుండానే ఋణపీడనాన్ని చాలా దూరం పెంచుకుంటూ పోవచ్చు. దారిలో ద్రావణంలోని ఒక్కో పదార్థం తనకంటూ ఉన్న పీడనం దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, అక్కడ గీత మెట్టులా లేస్తుంది. మెట్టు ఏ పీడనం దగ్గర లేచిందో చూస్తే పదార్థం పేరు తెలుస్తుంది, ఎంత ఎత్తు లేచిందో చూస్తే దాని పరిమాణం తెలుస్తుంది. ఒకే గీతలో పేరూ, పరిమాణమూ!

ఈ గీతను చేత్తో గీయడానికి గంటలు పట్టేది. 1925లో హెయ్‌రోవ్‌స్కీ, జపాన్ నుంచి వచ్చిన మసుజో షికాటా కలిసి దాన్ని ఫోటో కాగితం మీద తనంత తానే గీసుకునే యంత్రాన్ని చేశారు. అదే పోలరోగ్రాఫు. షికాటా చేసిన మరో పని నా కథకు ఇంకా ముఖ్యం. అంతవరకూ లోహ లవణాలకే పరిమితమైన ఈ చుక్క ముందు, అదే 1925లో, అతడు నైట్రోబెంజీన్‌ను ఉంచాడు. దానికున్న నైట్రో గుంపు పాదరసం మీద చక్కగా ఎలక్ట్రాన్లు పుచ్చుకుంది. సేంద్రియ పదార్థాలను కూడా ఇలా గుర్తుపట్టవచ్చని తేలింది. నైట్రో గుంపును గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నాజీలు 1939 నవంబరులో చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేసినప్పుడు, యోహాన్ బోమ్ అనే జర్మన్ ఆచార్యుడు అడ్డం నిలిచి హెయ్‌రోవ్‌స్కీకి ప్రయోగశాలను దక్కించాడు. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది 1959లో.

రోగనిర్ణయానికి ఈ చుక్కను వాడాలన్న ఆశ తొందరగానే పుట్టింది. ఆయన సహచరుడు రుడోల్ఫ్ బ్రడిచ్కా 1930లలో రక్తరసంలోని ప్రోటీన్ల గీతలు క్యాన్సరు రోగుల్లో మారుతున్నాయని గమనించాడు. జ్వరాల్లో, వాపుల్లో కూడా అవి మారుతున్నట్లు తేలడంతో ఆ ఆశ సన్నగిల్లింది. విషాల సంగతి అలా కాదు. ఒంట్లో సహజంగా ఉండవలసిన పని లేని పదార్థం కనబడితే అది బయటి నుంచి వచ్చిందనే అర్థం.

అర్థం అదేనా? సీసం కథ చూడండి.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో, పెట్రోలులో కలిపే టెట్రాఇథైల్ సీసం తయారుచేస్తున్న కార్మికులు మతి చలించి, కేకలు పెడుతూ, అయిదుగురు చనిపోయారు. పరిశ్రమ తరఫున ఈ వ్యవహారాన్ని పరిశీలించడానికి వచ్చిన వైద్యుడు రాబర్ట్ కెహో. సిన్సినాటిలో ఆయన నడిపిన ప్రయోగశాల తరవాతి నాలుగు దశాబ్దాల పాటు ప్రపంచంలో సీసపు కొలతలకు పెద్ద దిక్కుగా నిలిచింది. 1940ల ఆరంభంలో, అక్కడి జేకబ్ చోలక్ శరీర ద్రవాల్లో సీసాన్ని పోలరోగ్రాఫుతో కొలిచే పద్ధతిని కూడా సిద్ధం చేశాడు. చుక్క ప్రాగ్ దాటి పరిశ్రమ వాకిట్లోకి వచ్చిందన్నమాట.

కెహో కొలతల్లో నిర్లక్ష్యం లేదు. ఆయన కార్మికుల మూత్రంలో సీసం చూశాడు. కార్మికులు కాని వారి మూత్రంలోనూ చూశాడు. వారిలోనూ కనబడింది. అప్పుడు ఆధునిక పరిశ్రమ సోకని మనుషులు కావాలని మెక్సికో నగరానికి దూరంగా ఒక పల్లెకు వెళ్ళాడు. అక్కడి వారి మూత్రంలోనూ సీసం దొరికింది. 1933లో ఆ వివరాలు ప్రచురించాడు. సీసం మానవదేహంలో సహజంగానే ఉంటుంది, ఒక హద్దు దాటనంతవరకు హాని లేదు అన్నది ఆయన సిద్ధాంతం. అయితే ఆ పల్లెవాసులు అన్నం తిన్నవి సీసపు మెరుగుపూత పూసిన మట్టి పాత్రల్లో! అంకె నిజమే. దాన్ని నిలబెట్టిన నేల వాలుగా ఉంది. కార్మికుడి మూత్రం చెప్పిన సాక్ష్యం చివరికి కర్మాగారం పక్షాన నమోదయింది. 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయనశాస్త్రవేత్త "మామూలు" అంటున్నది "సహజం" కాదని, అది లోకమంతా సీసంతో మలినమైపోయిన స్థితి అని తేల్చి చెప్పేదాకా ఆ సిద్ధాంతానికి ఎదురు లేకపోయింది. మన దేశంలో సీసపు పెట్రోలు పోవడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

పరికరం మాత్రం పదునెక్కుతూనే ఉంది. రాలే చుక్కకు బదులు వేలాడే చుక్క వచ్చింది. వార్సాలో విక్టర్ కెముల 1950ల చివర దీన్ని వాడుకలోకి తెచ్చాడు. ఋణపీడనం ఇచ్చి ద్రావణంలోని సీసాన్ని కొన్ని నిమిషాల పాటు చుక్కలోకి పోగుచేయడం, ఆపైన పీడనాన్ని వెనక్కు తిప్పి పోగైనదాన్ని ఒక్కసారిగా బయటికి రాబట్టడం ఇందులోని కిటుకు. చీమ కూడబెట్టినట్లు కూడబెట్టి ఒకేసారి లెక్క చూడటం వల్ల వందకోట్ల పాళ్ళలో ఒక పాలు సీసమైనా దొరికిపోతుంది. విషాన్ని పట్టించే ఈ గూఢచారి కూడా విషమే అన్నది వేరే చెప్పాలా? పాదరసానికి బదులు, దానంత హాని లేని బిస్మత్ పొరను వాడవచ్చని జోసెఫ్ వాంగ్ బృందం 2000లో చూపించింది.

ఇప్పుడు నైట్రో గుంపు దగ్గరికి వద్దాం. జర్మనీలో, టాబున్, సారిన్ అనే యుద్ధ విషవాయువులను కనిపెట్టిన గెర్హార్డ్ ష్రాడరే 1944లో పురుగుల మందుగా పరాథియాన్‌ను తయారుచేశాడు. ఫోలిడాల్ అనే పేరుతో ఇది మన దేశానికి వచ్చింది. 1958లో, ఓడ ప్రయాణంలో ఈ మందు సోకిన గోధుమ పిండి తిని కేరళలో వందమందికి పైగా మరణించారు. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టానికి మూలం ఆ విషాదమే. తెలుగునాట ఆ తరానికి ఇంకా గుర్తున్న పేరు ఎండ్రిన్. అది వేరే కుటుంబానికి చెందిన విషమైనా, గుంటూరు జిల్లాలో నా చిన్ననాట పొలం మీద కొట్టే ప్రతిదీ ఎండ్రినే, "ఎండ్రిన్ తాగాడు" అంటే ఇక వివరణ అక్కరలేదు. పత్తి చేల మీద గాలి ఇటు తిరిగిన సాయంకాలాల్లో ఆ వాసన మా పెరటి దాకా వచ్చేది. మన భాషలో జబ్బుకు వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సాయంత్రం పుచ్చుకునేదీ మందే. పురుగుల మందు విషమని మనవాళ్ళకు తెలియక కాదు గానీ, ఆ మాటలోని చనువు కొంత జాగ్రత్తను తినేసిందేమో అని నాకు అనుమానం.

పరాథియాన్ ఒంట్లో రెండు దారులు పడుతుంది. ఒక దారిలో కాలేయం దానిలోని గంధకాన్ని తీసి ఆక్సిజన్‌ను పెడుతుంది. అలా మారిన పదార్థం నరాల సందేశాలను ఆర్పే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును బిగబట్టేస్తుంది. చొంగ, చెమట, కంటిపాపలు సూదిమొనల్లా ముడుచుకోవడం, ఊపిరి ఆడకపోవడం అన్నీ అక్కడి నుంచే. రెండో దారిలో అణువు రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క పారానైట్రోఫినాల్. ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో వెళ్ళిపోతుంది. దీనికి రెండు సుగుణాలున్నాయి. క్షారం కలిపితే పసుపు రంగుకు తిరుగుతుంది. రెండోది, షికాటా నాడు చూసిన నైట్రో గుంపు దీనిలో చెక్కుచెదరకుండా ఉంది. పరాథియాన్‌ను పోలరోగ్రాఫుతో కొలిచే పద్ధతి 1950 నాటికే అచ్చయింది. అయినా మనుషుల మీద మొదట విస్తృతంగా వాడుకలోకి వచ్చింది రంగు పద్ధతే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఆపిల్ తోటల మధ్య, వెనాచీలో పనిచేసిన ప్రజారోగ్యశాఖ బృందం 1960లో దానికి మెరుగులు దిద్ది, మందు కొట్టే కూలీల మూత్రంలో పారానైట్రోఫినాల్‌ను లెక్కగట్టింది. రక్తంలోని ఎంజైము పడిపోయి మనిషి కూలబడక ముందే, మూత్రం మాట్లాడుతుందని ఆ కొలతలు చూపాయి.

ఆ సాక్ష్యానికి అధికారికంగా విలువ దక్కిన సందర్భం ఒకటి చెప్పుకోవాలి. మిథైల్ పరాథియాన్ అనే దాని తమ్ముడిని అమెరికాలో ఆరుబయటి పంటలకే అనుమతించారు. 1990ల నడుమ ఒహాయోలోనూ, ఆ తరవాత 1996లో మిసిసిపీలోనూ, లైసెన్సు లేని మనుషులు దాన్ని బొద్దింకలకని పేదల ఇళ్ళ లోపల కొట్టారు. పత్తి చేల మందు అది. చవక, ఘాటు, ఒకసారి కొడితే నెలల తరబడి పురుగు రాదు. ఎండా వానా తగలని గోడల మధ్య అది విరగకుండా నిలిచిపోయింది. అధికారులు ఇంటింటికీ వెళ్ళి గోడలు తుడిచి చూశారు, ఇంట్లోవాళ్ళ మూత్రం పట్టి పారానైట్రోఫినాల్ చూశారు. ఏ ఇంటిని ఖాళీ చేయించాలి, ఎవరు ఉండిపోవచ్చు అన్నది నిర్ణయించడంలో ఆ అంకె ప్రమాణమైంది. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్ళకు హద్దు గీతను ఇంకా కింద గీశారు. వందలమందిని ప్రభుత్వ ఖర్చుతో వేరే చోటికి తరలించారు. సిన్సినాటిలో పరిశ్రమను కాపాడిన మూత్రపు అంకె, మిసిసిపీలో అద్దె ఇంటి తల్లులను కాపాడింది. రసాయనం చేసే పని రెండుచోట్లా ఒకటే. అంకె ఎవరి చేతికి వెళ్ళింది అన్నదే తేడా.

అయితే ఆ అంకె భారీ యంత్రాలున్న ప్రయోగశాలల నుంచి రావలసి వచ్చింది. విద్యుత్ రసాయన సెన్సరు ఆశ చూపుతున్నది ఇక్కడే: ఆ యంత్రాన్ని జేబులోకి తెస్తానంటుంది. అది సాధ్యమేనని మరో జబ్బు విషయంలో ఋజువైంది కూడా. లీలాండ్ క్లార్క్ 1962లో ఎలక్ట్రోడు మీద ఎంజైమును కూర్చోబెట్టి గ్లూకోజును కొలవవచ్చని చెప్పాడు. 1987 నాటికి అది కలమంత పరికరమై బజారులోకి వచ్చింది. తెర మీద సిరా ముద్ర వేసినట్లు కార్బన్ సిరాతో ప్లాస్టిక్ పట్టీ మీద ఎలక్ట్రోడును ముద్రించడం నేర్చుకున్నాక ధర పడిపోయింది. ఇవాళ మన మండల కేంద్రాల్లో కూడా చక్కెర చూసే పట్టీలు దొరుకుతాయి.

అదే ముద్రిత పట్టీ మీద, సేంద్రియ ఫాస్ఫరస్ మందులను విరగ్గొట్టే ఎంజైమును పరిచి, పుట్టిన పారానైట్రోఫినాల్‌ను విద్యుత్తుతో లెక్కించే సెన్సరును అశోక్ ముల్చందానీ, జోసెఫ్ వాంగ్ బృందం 1999లో ప్రకటించింది. ఆపైన గ్రాఫీన్ అనీ, బంగారు నానోకణాలనీ, యాంటీబాడీలనీ ఏటేటా వచ్చిన పరిశోధనా పత్రాలకు లెక్కలేదు. శుద్ధజలంలో ఇవన్నీ చక్కగా పనిచేస్తాయి. మూత్రం శుద్ధజలం కాదు. అందులోని యూరికామ్లమూ, విటమిన్-సీ కూడా ఎలక్ట్రోడు మీద ఎలక్ట్రాన్లు వదులుతాయి, పైగా వెతుకుతున్న విషం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. సంతలో ఒక పిల్లవాడి ఏడుపును గుర్తుపట్టడం వంటి పని. ఎండలో పనిచేసి నీళ్ళు తాగని కూలీ మూత్రం చిక్కగా ఉంటుంది, అంచేత క్రియాటినిన్‌తో పోల్చి సరిదిద్దుకోవాలి. కాలేయం తగిలించిన చక్కెర ఆమ్లాన్ని ముందుగా ఊడదీయాలి. ఇటీవలి మందుల్లో చాలావాటికి నైట్రో గుంపు లేదు. వాటినుంచి వచ్చే ఫాస్ఫేటు ముక్కలు ఎలక్ట్రోడు ముందు నోరు విప్పవు.

ఇవి గట్టి చిక్కులే, కాదనను. కానీ రక్తంలో చక్కెర కొలవడానికీ చిక్కులు తక్కువేమీ లేవు. అక్కడా విటమిన్-సీ అడ్డుపడింది. వాటిని దాటించినది రోజూ పట్టీ కొనగల కోట్లమంది మధుమేహులు. మందుకొట్టే కూలీ పట్టీ కొనడు. కొనవలసినవాడు ఆసామో, మందు అమ్మినవాడో, ప్రభుత్వమో. ఆ ముగ్గురిలో ఎవరికీ ఆ అంకె తెలుసుకోవాలన్న తహతహ లేదు. అందుకే ఈ సెన్సర్ల చరిత్రలో ఎక్కువ భాగం పత్రికల పుటల్లోనే నడిచిందని నా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌లో మూడు పల్లెల పత్తి రైతుల మీద 2003లో జరిగిన అధ్యయనం ఒకటి 2005లో అచ్చయింది. మందు కొట్టిన ప్రతిసారీ తమకూ తమ ఇంటి మగవారికీ ఏమేం లక్షణాలు కలిగాయో స్త్రీలే నమోదు చేశారు. తలనొప్పులు, కళ్ళమంటలు, వాంతులు, వణుకులు. పంపు మగవాడి వీపున ఉన్నా, చిక్కటి మందును నీళ్ళలో కలిపేదీ, ఖాళీ అయిన పంపు నింపేదీ స్త్రీలేనని, వారికి సోకే విషాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని అది ఎత్తి చూపింది. అక్కడ సాక్ష్యం అంటే లక్షణాలే.

2017 వర్షాకాలంలో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో, మనిషెత్తు పెరిగిన పత్తిలో మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులూ కూలీలూ చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఏ మందు ఎంత సోకిందో తేల్చే కోలినెస్టరేజ్ పరీక్షకు కూడా అక్కడ వసతి లేదని అప్పట్లో పత్రికలు రాశాయి. భార్యలు తెచ్చి చూపిన ఖాళీ డబ్బాల మీది పేర్లు చూసి వైద్యం చేయవలసి వస్తే, నాలుగు మందులు కలిపి కొట్టినవాడి సంగతి ఏమిటి? మిథైల్ పరాథియాన్‌ను మన దేశం 2018లో నిషేధించింది. యవత్మాల్ నుంచి పెన్‌గంగ దాటితే ఆదిలాబాదు, అవే నల్లరేగళ్ళు, అదే పత్తి. మందు కొట్టే అదను ఆగస్టులో మొదలై అక్టోబరు దాకా సాగుతుంది. కొట్టివచ్చిన మనిషి మూత్రంలో ఆ ముక్కలు నిలిచేది రెండు మూడు రోజులు.